టైర్లలో గాలి నేనే తీశాను

అన్నయ్యా,

జీపు టైర్లు మెత్తగా ఉన్నాయని పంక్చరనుకోకు. ఇసుకలో దిగబడకుండా గాలి నేనే తగ్గించాను. తారురోడ్డు ఎక్కాక కొట్టుకో, పంపు సీటు కింద ఉంది.

మిలిటరీ వేలంలో దీన్ని ఎంచుకుంటే "ఈ డొక్కు మనకేటికిరా?" అన్నావు. నేను రంగు చూడలేదు, నాలుగు చక్రాలూ లాగుతాయా లేదా అని చూశాను. ఆటోనగర్‌లో వెనక సీట్లు పీకించి, చేపల గంపలకి చెక్కబల్ల వేయించాను. నిన్న మన రేవులో కూరుకుపోయిన ఐసు లారీని ఇదే బయటికి లాగింది. నువ్వు తప్ప ఊరంతా చూసింది.

నేను షిఫ్టుకి వెళ్తున్నాను. అమ్మని మార్కెట్లో దింపు.

నూకరాజు

అన్నట్టు, అమ్మ అప్పుడే ముందు సీటెక్కేసింది. ముప్పై ఏళ్లు నెత్తిన మోసిన గంపని ఒళ్లో పెట్టుకుంది. వెనక పెడతానంటే, "అదీ నాతో ముందే కూకుంటాదిరా" అంది.