‘ఇంగ’ తెలుగు మాటేనని

పాయా లేబర్,
14 సెప్టెంబరు 2000, గురువారం.

గౌరవనీయులైన శ్రీ వీరభద్రరావు గారి సముఖమునకు,
ఎస్టేట్ ఆఫీసరు, రేకుగోడల భవనం, సైన్స్ పార్క్.

అయ్యా,

విషయం: తమ భవనపు గోడకు తెల్లపొడి వదలగొట్టు పనిలో ఒక రేకుకు రంగు లేచిపోయిన సంగతి. అది నేను కావాలని చేసినది కాదనియు, ‘ఇంగ’ అనునది తెలుగు మాటయేననియు రేపటి తమ విచారణ రిపోర్టులో ధ్రువీకరించమని వేడికోలు.

దిగువ సంతకం చేసిన అప్పయ్య అను నేను అనంతపురం జిల్లా కదిరి ప్రాంతపు వాణ్ణి. ఈ పరాయి దేశంలో భవనాల గోడలు కడిగే కంపెనీలో పద్నాలుగు నెలలుగా వర్క్ పర్మిట్ మీద పని చేయుచున్నాను. తెలుగులో రాయడం ఇంగ్లీషు బొత్తిగా రాక కాదు, కొంచెం వచ్చు. కానీ ఇది తెలుగు మాట మీద వచ్చిన తగాదా గనుక తెలుగులోనే తేలవలెను. మా ఊళ్ళో బోరుకి, రేషను కార్డుకి, కరెంటు స్తంభానికి అందరి అర్జీలూ నేనే రాసేవాణ్ణి. నా కోసం నేను రాసుకోవడం ఇదే మొదలు. రాత అక్కడక్కడా వంకర పోయినచో మన్నించవలెను.

1. పని సంగతి. తమ భవనానికి తొడిగిన అల్యూమినియం రేకులు ఎండకూ వానకూ మాగి, రంగు పైపొర పొడిబారి, వేలు పెడితే తెల్లగా అంటుకొనుచున్నది. ఇంజనీర్లు దీన్ని ఆక్సిడేషన్ అంటారు. మేము విబూది అంటాము. వట్టి నీళ్ళు ఎంత జోరుగా కొట్టినా ఇది పోదు, చారలు పడతాయి అంతే. ముందు గోడ తడపవలెను. పొడి వదిలించే మందు కింది నుంచి పైకి కొట్టవలెను. నాలుగు నిమిషాలు నాననిచ్చి, ఆరిపోక ముందే మెత్తని బ్రష్షుతో రుద్ది, పై నుంచి కిందికి నీళ్ళతో కడగవలెను. గొట్టం మూతి గోడకు మూరెడు దూరంలోపు రాకూడదు. ఇవన్నీ నాకు కంఠతా వచ్చు. పద్దెనిమిది రోజుల్లో తూర్పు గోడా, ఉత్తరపు గోడా నేనే చేశాను. ఒక్క గీత లేదని తమరే మెచ్చుకొని యున్నారు. కాబట్టి పని రానివాడు చెడగొట్టాడనుటకు వీలు లేదు.

2. జరిగిన సంగతి. పోయిన గురువారం పొద్దున పదిన్నరకు నేను లిఫ్టు తొట్టిలో, ముందు ద్వారం పైన ఉన్నాను. మా సూపర్‌వైజరు వీరాస్వామి గారు కింద ఉన్నారు. ఆయన తాతల నాటి నుంచి ఇక్కడే ఉన్న తమిళులు. మూడో అంతస్తులోకి కొత్తగా దిగిన కంపెనీ వారి ప్రారంభోత్సవం మర్నాడే. అదే, పేరు చివర చుక్క పెట్టి కామ్ అని ఉంటుందే, ఆ కంపెనీ. ద్వారం పక్కన ఒక చోట పొడి మిగిలిపోయిందని వీరాస్వామి గారు వేలు చూపించి కేక వేశారు.

"తంబి, ఇంగ! ఇంగ!"

తమిళంలో ఇంగ అనగా ‘ఇక్కడ’. మా వైపు ఇంగ అనగా ‘ఇంకా’. నా ముఖం మీది అద్దం నిండా నురగ, చెవుల్లో దూది, కింద మిషను మోత. వేలు కనపడలేదు, మాట మాత్రం వినపడింది. ఇంకా అంటే ఇంకా అనే కదా అయ్యా! జోరు పెంచితిని. గొట్టం మూతి దగ్గరికి తెచ్చితిని. తలుపంత మేర రంగు లేచిపోయి లోపలి లోహం బయటపడింది. మా మేనేజరు పరుగెత్తుకొచ్చి తల పైకెత్తి, "వై యూ సో రఫ్ వన్?" అని అరిచాడు. దానికి నా దగ్గర జవాబు ఉంది గానీ అది తెలుగులో ఉంది.

3. విచారణ సంగతి. శుక్రవారం తమ గదిలో విచారణ జరిగినప్పుడు నా మాటలు ఇంగ్లీషులో చెప్పుటకు ఆ చుక్క కామ్ కంపెనీలోని కల్పన గారిని పిలిపించారు. పెద్ద చదువులు చదివిన అమ్మాయి, విజయవాడ వారు. నేను చెప్పినదంతా ఆవిడ ఓపిగ్గా విని, "‘ఇంకా’ అంటాం గానీ ‘ఇంగ’ అనం కదండీ. అసలు ఆ మాటే లేదండీ," అన్నారు. తర్వాత మేనేజరు వైపు తిరిగి అదే ముక్క ఇంగ్లీషులో చెప్పారు. "సో హీ లయింగ్ లా," అని ఆయన ఫైలు మూసేశాడు. ఆవిడ మీద నాకు కోపం లేదు. ఆవిడ కృష్ణ ఒడ్డున పుట్టడం ఆవిడ తప్పు కాదు.

అయితే అయ్యా, పెద్దవారు, ఒక మాట అడిగెదను. ఆగస్టు నెలలో ఒకనాడు తమరు లిఫ్టు దగ్గర ఫోనులో మాట్లాడుతూ నా బకెట్టు తన్నుకొని, "సరేలేమ్మా, ఇంగ చానా పనుంది, పెట్టేస్తాండా," అని ఫోను కట్టేశారు. నేను నీళ్ళు తుడుస్తూ విన్నాను. కర్నూలో, కడపో తెలియదు గానీ మనం ఒక వైపు వాళ్ళమని ఆ పూటంతా నాకు కడుపు నిండినట్టుంది. విచారణ నాడు ఆ మాటే లేదని తేల్చేటప్పుడు తమరు బల్ల చివర కూర్చొని కాగితం చూస్తూ ఉండిపోయారు. అంతమంది టై కట్టుకున్నవారి ముందు మన యాస ఒప్పుకోవడం కష్టమే. నాకు అర్థమైనది. నొప్పి కూడా వేసినది.

4. ఇంటికి పంపిస్తే ఏమగును అను సంగతి. నేను ఇంతకు మునుపు కువైట్ పోయి నలభై రోజులకే తిరిగి వచ్చాను. వీసా కాగితంలో నా పేరు తప్పు పడినందున వెనక్కి పంపేశారు. మా ఊళ్ళో అప్పయ్యలు నలుగురు. మిగతా ముగ్గురికీ ఇంటిపేర్లు ఉన్నాయి, నన్ను మాత్రం ‘వాపసు అప్పయ్య’ అంటారు. బడిలో మా పాప భానుమతిని కొత్త పంతులు గారు, "వాపసు అప్పయ్య కూతురివా?" అని అడిగారట. అది ఇంటికొచ్చి అన్నం తినలేదట. ఆదివారం ఫోన్లో నా భార్య కొండమ్మ ఒక్కటే మాట. "ఇప్పుడిప్పుడే జనం ఆ పేరు మర్సిపోతాండారు. నువ్వు మళ్ళా వస్తే ఈసారి బిడ్డల పెండ్లి పత్రికల్లో గూడా అదే అచ్చేపిస్తారు. రావాకు." నేను ఏమీ కాలేదని చెప్పాను. శనివారం విమానానికి నా పేరు రాశారన్న సంగతి చెప్పలేదు.

5. ప్రస్తుత స్థితి. పని ఆపించి ఏడు రోజులైనది. తోటివాళ్ళు పొద్దున్నే లారీ ఎక్కి వెళ్ళిపోతారు. గదిలో నేనూ, పన్నెండు మంచాలూ. కూర్చుంటే లేవబుద్ధి, లేస్తే నడవబుద్ధి. మొన్న నడుస్తూ నడుస్తూ హౌగాంగ్ దాకా పోయాను. దారిలో బస్టాపు రేకుకు వేలు రాసి చూశాను, విబూది. ఒక ఫ్లాట్ల బ్లాకు కింద సైకిళ్ళ షెడ్డుకు రాసి చూశాను, అక్కడా విబూది. ఒక చైనా ముసలాయన, "బ్రదర్, వాట్ యూ లూకింగ్?" అని నా వెంట నాలుగడుగులు వచ్చాడు. ఈ దేశంలో ఇంత గోడ మాసి ఉండగా నా రెండు చేతులూ ఊరకే ఉన్నాయి. నిన్న మా గది గేటును గిన్నెలు తోమే పీచుతో రుద్దితే వార్డెను తిట్టాడు. దక్షిణపు గోడ సగం కడిగి, సగం తెల్లగా అట్లాగే ఉందట. అది తలుచుకుంటే అరికాళ్ళలో దురద పుడుతోంది.

6. మా వీరాస్వామి గారికి కూడా, పనివాణ్ణి సకాలంలో ఆపలేదని హెచ్చరిక కాగితం ఇచ్చియున్నారు.

కావున తమరు దయతలచి, అనంతపురం, కర్నూలు, కడప జిల్లాల్లో ‘ఇంగ’ అనగా ‘ఇంకా’ అని తమ చేతి రాతతో రిపోర్టులో రాయవలెను. ‘కావాలని చేసినాడు’ అన్న చోట కొట్టివేయవలెను. చెడిన రేకును ఆదివారాలు వచ్చి నేనే నునుపు చేసి, రంగు వేయుటకు సెలవిప్పించవలెను. తెలుగు మాట ఒకటి అబద్ధమని ఈ ఊరి ఫైల్లో ఉండిపోవడం నాకే కాదు, తమకూ బాగుండదు. ఈ నాలుగు ముక్కలూ పనుల ఒత్తిడిలో పక్కన పెట్టక చిత్తగించవలెను.

తమ విధేయుడు,
అప్పయ్య

మళ్ళీ రాయడం: కవరు అంటించి, విప్పినాను.

తమరు మాట్లాడలేదని పైన నిష్ఠూరమాడాను. ఆ బల్ల దగ్గర మాట మింగినవాడు తమరొక్కరే కాదు సార్. ‘ఇంగ’ నేను నిజంగానే తప్పుగా విన్నాను, నా బిడ్డల మీద ఒట్టు. కానీ దాని తర్వాత వీరాస్వామన్న ఇంకో మాట అరిచాడు. "పోదుం! పోదుం పా!" అని. మనవైపు ‘వెళ్దాం’ అనుటకు ‘పోదం’ అంటాం కదా, దాన్ని కూడా అట్లా విన్నానని రాసేద్దామని పొద్దున్నుంచి నాలుగు కాగితాలు చించాను. చెయ్యి రాలేదు. పోదుం అంటే ‘చాలు’ అని నాకు బాగా తెలుసు. మెస్సులో అన్నం వడ్డించే తమిళ అక్కతో రెండు పూటలా ఆ మాట అనేది నేనే.

విని కూడా ఆపలేదు. రంగు లేవగానే కింద లోహం తళుక్కుమంది. పద్నాలుగు నెలలుగా ఎవరో వేసిన రంగును కాపాడుకుంటూ పైపైన తుడుస్తున్నాను, లోపల ఏముందో ఏనాడూ చూడలేదు. ఇంకో జానెడు చూద్దామనిపించింది. ఎంతసేపు, పది లెక్కపెట్టేంతసేపు. ఆ రేకు మీద అరచెయ్యంత ‘ఇంగ’ వల్ల పోయింది. మిగతాదంతా నా వల్ల పోయింది.

విచారణలో వీరాస్వామన్నను, "ఆపమని చెప్పావా?" అని అడిగారు, తమరూ విన్నారు. ఆయన తల దించుకొని లేదన్నాడు. చెప్పానంటే నన్ను ఆ సాయంత్రమే పంపేస్తారని ఆయనకు తెలుసు. పదకొండేళ్ళ సర్వీసులో అదే మొదటి హెచ్చరిక కాగితమట. నిన్న నా గదికి వచ్చి పరోటా పొట్లం మంచం మీద పెట్టి, "సాప్పుడు తంబి," అని, తినమని చెప్పి వెళ్ళిపోయాడు. ఆ కాగితం ఊసే ఎత్తలేదు.

అందువల్ల ఇంగ తెలుగు మాటేనని రాయండి, అది నిజం కాబట్టి. దాని కిందనే, వీరాస్వామి ఆపమన్నాడు, అప్పయ్య విన్నాడు, విని ఆపలేదు అని కూడా రాయండి. కొండమ్మకు నేనే ఫోను చేసి చెప్తాను.