కళ్లు వద్దన్న అక్కకు

కట్టంగూర్, శనివారం

అక్కా, వ్యాసుడు కళ్లిస్తానంటే వద్దన్న ధృతరాష్ట్రుడి దారి పట్టావా నువ్వు? శుక్లాలు తీయించుకోమంటే "ఇగ నాకు జూసేదేమున్నది?" అన్నావని నీ మనుమరాలు నిహారిక చెప్పింది. ఫోన్‌లో మందలిస్తే వినపడతలేదని పెట్టేస్తున్నావు, అందుకే ఈ కార్డు. నిహారికా, అవ్వకు గట్టిగా చదివి వినిపించు బిడ్డా.

మొన్న ఏకాదశినాడు గుడిలో ప్రహ్లాదుని కథ చెప్తూ పద్యం మధ్యలో మరిచిపోయి నిలబడ్డాను. ముందు వరుసలోంచి లింగస్వామి "ఏంది టీచరమ్మా, బండి ఆగిందా?" అంటే అందరూ నవ్వారు. నేనూ నవ్వాను గానీ, నా చెవి నీ గొంతు కోసం వెతికింది. నారాయణపేటలో నేను బడి నుంచి వచ్చి పద్యం అప్పజెబుతుంటే, తప్పిపోయిన మాటను నూలు కండెలు చుట్టుకుంటూనే నువ్వు అందించేదానివి. బాపు నిన్ను బడికి పంపకుండా రాట్నం ముందు కూర్చోబెట్టాడు కాబట్టే నేను చదివాను. ముప్పై ఏళ్లు ఊరి పిల్లలందరి చేత అక్షరాలు దిద్దించాను, నీ చేత ఒక్కటీ దిద్దించలేదు. రిటైరైనంక ఇన్ని పురాణాలు సొంతంగా చదువుకున్నాను, ఈ పాపానికి విరుగుడు ఎక్కడా దొరకలేదు. నీ పక్కన చాపేసుకొని 'అ' నుంచి మొదలుపెట్టాలని ప్రాణం కొట్టుకుంటోంది.

బావ మోకాళ్లు ఎట్లున్నాయి? మామిడికాయ తొక్కు నాకొక సీసా దాచు. బావకు దండాలు, నిహారికకు దీవెనలు.

ఇంకా ముదిరితే చూపు రాదని డాక్టరు చెప్పాడట గదా! రేపు, ఎల్లుండి అనకు. ఈ కార్డు విన్న పూటనే నిహారిక చెయ్యి పట్టుకొని దవాఖానకు నడువు!

నీ చెల్లె మాణిక్యమ్మ