మోదుగాకు దొప్పలో పసుపు బియ్యం

అమ్మకు,

కోరుట్ల నుంచి నీ బిడ్డ స్వప్న దండం పెట్టి రాస్తున్నది. ఇక్కడ అందరం బాగున్నాం. ఉత్తరమన్నాక రాయాలి కాబట్టి రాసిన మాట కాదమ్మా, నిజంగానే అందరం ప్రాణాలతో ఉన్నాం. వెల్గటూర్‌లో నువ్వూ నాన్నా బాగున్నారనుకుంటాను. ఫోన్ ఉండగా ఈ ఉత్తరమేందని, దీన్ని నీకు తెచ్చివ్వడానికి ఇక్కడ ఆగిన తమ్ముడు సాగర్ నవ్వాడు. ఈ రెండు గదుల ఇంట్లో ఫోన్‌లో గుసగుసలాడినా అత్తమ్మకు వినిపిస్తుంది. అద్దాలు పెట్టుకుని నువ్వే చదువుకో. వాడితో చదివించుకోకు.

వీడియోలో పాప కాలికి కట్టు చూసి ఏమైందని అడిగావు. గడప తగిలిందని అబద్ధం చెప్పాను. ఎలుక కరిచిందమ్మా. మధ్యాహ్నం పాపను పడుకోబెట్టి, బట్టలు ఆరేసి వచ్చేసరికి బొటనవేలి నిండా నెత్తురు. ఎంత గట్టిగా అరిచానో నాకే తెలియదు. ఆస్పత్రిలో కడిగి, సూది వేసి పంపారు. పుండు మానింది. నా భయమే మానలేదు. ఇప్పటికీ ఎక్కడ చిన్న చప్పుడైనా ముందు పాప కాళ్ళు తడిమి చూస్తాను.

మా గల్లీ వెనక ఫంక్షన్ హాలు ఉంది కదా, వాళ్ళు మిగిలిన అన్నమంతా మోరీ కాలువలో పారబోసేవాళ్ళు. దానికి మరిగిన ఎలుకలు పెళ్ళిళ్ళు లేని రోజుల్లో మా ఇళ్ళ మీద పడ్డాయి. మీ అల్లుడు సతీశ్ గాజుపెంకులు కలిపిన సిమెంటుతో బొక్కలు మూశాడు, తలుపు కింద రేకు కొట్టాడు. బోను తెచ్చాడు. పడ్డవాటిని అత్తమ్మ చంపనిస్తేనా! "వినాయకుని బండి గది. సంపుతే పాపం" అంటూ బోనెత్తుకుని పోయి మోరీ అవతల వదిలేసి వచ్చేది. పక్కింటి ఐలవ్వ ఒకటే ఎకసెక్కాలు: "లింగవ్వా, నువ్విల్లు చేరెటాల్లకు గది నీకంటె ముందుగాల అచ్చి కూసుంటది!"

మందు పెడదామంటే అత్తమ్మ ఒంటికాలి మీద లేచింది. "పసిపిల్ల తిరిగే ఇంట్ల మందా? దిమాక్ గిట్ల ఖరాబైందా?" అన్నది. ఆ మాటలో తప్పేమీ లేదు.

పసుపు కలిపి నా ఒడిలో పోసి పంపిన ఒడిబియ్యం వండారా, ఎవరెవరిని పిలిచారు అని తమ్ముడి చేతికిచ్చిన చీటీలో అడిగావు. ఫోన్‌లో నువ్వు అడిగినప్పుడల్లా మాట మార్చాను. ఇప్పుడు చెబుతాను, గుండె దిటవు చేసుకో.

గల్లీలో ఆడవాళ్ళందరినీ బొట్టు పెట్టి పిలిచాం. ఐలవ్వ మనవరాళ్ళను వెంటేసుకుని వచ్చి విస్తరి ముందు కూర్చుంది. పొయ్యి మీద నీ బియ్యం ఉడుకుతున్నాయి. ఇంట్లో బియ్యం డ్రమ్ము వెనక, పాప చెయ్యి అందని సందులో, మోదుగాకు దొప్పలో ఎలుకల మందు కలిపిన బియ్యం ఉన్నాయి. వంట బియ్యమని ఎవరూ పొరపాటు పడకుండా వాటికి పసుపు పట్టించి ఉంది. అందరూ వచ్చారు కదా, తీసి దాచేద్దామని పోయి చూస్తే దొప్ప ఖాళీ. ఎలుకలు తిన్నాయని సంబరపడ్డాను.

అత్తమ్మ గంటె తిప్పుతూ అన్నది: "ఓ పిల్లా, నీకు జరంత భయం భక్తి లేదాయే. మీ అవ్వ పోసిన ఒడిబియ్యం తీస్కపోయి డ్రమ్ము ఎన్క పెడుతవా? కాళ్ళకు తాకుతే ఎంత దోషం! నేనే కండ్లకద్దుకోని మూటల కలిపిన."

అమ్మా, ఆమె నీ మూటలో కలిపింది ఆ మందు బియ్యం. చేతులు కాలుతున్నా వదలకుండా గిన్నె ఎత్తి కింద పెట్టాను. "ఎవ్వరు ముట్టకుండ్రి! మందు కలిసింది!" అని అరిచాను. తర్వాత అత్తమ్మ భుజాలు పట్టుకుని ఊపేశాను. "నోట్లె పెట్టుకున్నవా అత్తమ్మా? ఉప్పు చూసినవా?"

"దేవునికి పెట్టకముందే నేనెట్ల నోట్లె పెట్టుకుంటనే?" అన్నది, ఏమీ అర్థం కాక.

ఆ ఒక్క పట్టింపే ఆమెను కాపాడింది. అప్పుడు మీ అల్లుడు వచ్చి, "మందు నేనే పెట్టిన అవ్వా. నీకు చెప్పలే. తప్పు నాదే" అన్నాడు. ఐలవ్వ మనవరాళ్ళను లాక్కుని లేచిపోయింది. పెరట్లో లోతుగా గొయ్యి తీసి, కోళ్ళూ కుక్కలూ తవ్వకుండా, అన్నాన్నీ మూటనూ పూడ్చి పైన బండ పెట్టాం.

మరునాడు గల్లీ అంతా పోయి ఫంక్షన్ హాలు ముందు కూర్చుంటే, ఇప్పుడు ఎంగిలంతా మూత డ్రమ్ముల్లో పోసి చెత్తబండికి ఇస్తున్నారు. ఎలుకలు తగ్గాయి. కానీ అత్తమ్మ ఆ రోజు నుంచి వంట ముట్టడం లేదు. పాప చేతులు చాపితే వెనక్కి జరుగుతుంది. "నా చేతులు మంచియి గావు బిడ్డా" అంటుంది. నీతో ఫోన్‌లో మాట్లాడనిదీ అందుకే.

ఇక్కడిదాకా చదివి అల్లుడిని తిట్టుకుంటున్నావేమో. ఆయనను ఏమీ అనకు. మందు పెట్టింది నేను. పాప వేలు చూశాక నాకు పిచ్చి పట్టినట్టయింది, అత్తమ్మ వద్దన్నా దొంగతనంగా పెట్టాను. ఆమెతో ఒక్క మాట చెప్పి ఉంటే ఇదంతా జరిగేదే కాదు. ఆయనకు అప్పటిదాకా తెలియనే తెలియదు. నా మొహం చూసి గ్రహించి నేరం మీదేసుకున్నాడు. నేను తల వంచుకుని ఊరుకున్నాను. అందరి ముందు అత్తమ్మ నన్ను ఇంట్లోంచి పొమ్మంటుందేమోనని భయమేసింది.

తమ్ముడు బస్సు ఎక్కగానే ఆమె ముందు కూర్చుని చెప్పేస్తాను. తిట్టనీ, కొట్టనీ. ఆమె ఇలా నోరు మూసుకుని ఉంటేనే నాకు ఎక్కువ భయంగా ఉంది.

ఒడిబియ్యం మట్టిపాలైతే కీడని నువ్వు ఏడుస్తావు. నాకూ గుబులుగానే ఉంది. అయినా మళ్ళీ ఒడి నింపమని అడగను. ఆదివారం నువ్వు రా. శేరు బియ్యం తెచ్చి అత్తమ్మ చేతుల్లో పెట్టు. "వదినా, నాకు ఆకలైతుంది, అన్నం వండు" అను. ఆ చేతి ముద్ద ముందు నేను తింటాను. తర్వాత పాపకు పెడతాను.

ఇట్లు,
నువ్వు పోసిన ఒడిబియ్యాన్ని మట్టిలో పెట్టిన నీ బిడ్డ,
స్వప్న