టిక్కుటిక్కుల లెక్క

సెప్టెంబరు 6, 1948, సోమవారం
వచ్చేసింది! కాలేజీ దొర మా మిషన్ బడికి ఎరువిచ్చిన లెక్క మిషను! కంటికి కనపడని కిరణం గాజు గొట్టం మీద పడితే టిక్కుమంటుంది, పెట్టె మీద అంకె ఒకటి పెరుగుతుంది. నేను సైన్సు పంతుల్ని కనుక దాని బస మా ఇంట్లోనే.
నిశ్చయం: నెల్లాళ్లు, రోజూ సాయంత్రం లెక్క. ఉన్నది ఉన్నట్టు. ఒక్క టిక్కు కలపను, తీయను.
ఒట్టు పెట్టుకోబోతే మా ఆవిడ ఎలిశిబా ఆపింది. “ఒట్లు పెట్టొద్దని బైబిల్లనే ఉన్నది గద!”
సరే, ఒట్టు లేని నిశ్చయం.

8, బుధవారం
నిన్నా ఇవాళా దాదాపు ఒకే లెక్క. ఎంత బుద్ధిమంతురాలు మిషను!

13, సోమవారం
యూనియన్ పటాలాలు సరిహద్దు దాటాయట. రజాకార్ల భయానికి దారులన్నీ బంద్. చేగుంటకు పోయిన బావమరిది ఆశీర్వాదం జాడ లేదు. ఎలిశిబా ఏడుపు.
మా ఇంట్లో ప్రార్థన. దీపాలు కిరాయికిచ్చే సొలొమోను పెట్రోమాక్సు తెచ్చి మిషను పక్కనే పెట్టాడు.
ప్రార్థన మొదలవగానే టిక్కులు రెట్టింపు!!
పక్కింటి జ్ఞానమ్మ వదిన చేతులెత్తింది. “చూసిండ్రా! మన మొర పైకి పోతున్నది, గిది లెక్కబెడ్తున్నది!”
పరీక్షించాలి అనబోయాను. ఎలిశిబా మొహం తేటపడింది. పరీక్ష వాయిదా.

15, బుధవారం
లెక్క తప్పింది. నా తప్పు కాదు, ఇంటినిండా జనం. రేపు రెండింతలసేపు లెక్కపెడితే సరి.

16, గురువారం
పొద్దున. ప్రార్థన లేదు, దీపం లేదు. అయినా టకటకటక! చూస్తే గొట్టం కింద సొలొమోను మరచిపోయిన మాంటిళ్ల పొట్లం. దీపంలో వెలిగే ఆ గుడ్డ సంచిలో థోరియం ఉంటుందనీ, అది కిరణాలు చిమ్ముతుందనీ పిల్లలకు ఏటా చెప్పేది నేనే! ఛీ, నా చదువు తగలెయ్య!
పొట్లం దూరం పెట్టాను. సొలొమోను దీపం తెస్తే ఈసారి దూలానికి కట్టించాను.
సాయంత్రం ప్రార్థనలో టిక్కులు చప్పబడ్డాయి. ఎలిశిబా నిన్నటి నుంచి మెతుకు ముట్టలేదు. “గింత తక్కువైందేంది? నా తమ్మునికి ఏమన్న అయిందా?”
పొట్లాన్ని మెల్లగా గొట్టం దగ్గరికి జరిపాను.
టకటకటక.
అన్నం తిన్నది. పచ్చిపులుసుతో, మారు వడ్డించుకుని.

19, ఆదివారం
ఆశీర్వాదం వచ్చాడు! కాలినడకన! చేగుంటలో ఎవరో పుణ్యాత్ముడు గడ్డివాములో దాచాడట. పట్టుకుని ఏడ్చాం, నవ్వాం.
అందరి ముందూ మాంటిళ్ల సంగతి చెప్పేశాను. పొట్లం జరిపిన మాట మాత్రం మింగేశాను.
“అయితే మా ప్రార్థన లెక్కలకు రాలేదా, కృపాదానం పంతులూ?” అన్నది జ్ఞానమ్మ వదిన.
“రాలేదు వదినా.”
“మంచిగైంది. లెక్కబెట్టుకుంట అడిగితే దేవుడు ఏమనుకునేటోడో!”
అందరూ పోయాక ఎలిశిబా నా దగ్గరికొచ్చింది. “నువ్వు పొట్లం జరుపుతుంటే నేను చూసిన.”
“మరి అన్నం ఎట్ల తిన్నవే?” అన్నాను.
“టిక్కులు చూసి తిన్ననా? లెక్కంటే పాణమిచ్చేటోడివి, నా కోసం తప్పు లెక్క చేస్తున్నవు. గది చూసినంక ఆకలైంది.”
రేపటి నుంచి మళ్లీ మొదలు. ఒక్క టిక్కు కలపను, తీయను!
అన్నట్టు రేపు సాయంత్రం కృతజ్ఞత కూడిక మా ఇంట్లోనే. సొలొమోను రెండు పెట్రోమాక్సులు తెస్తాడట.
ఎల్లుండి నుంచి.