కాలవగట్టు మీద సైకిలు

విజయవాడ,
జూన్ 1974.

పూజ్యులైన అత్తయ్యగారికి, మీ కోడలు మార్త వందనాలతో.

సైకిలు ఎంత దూరంలో ఉంటే చాలు? ఏళ్ళ తరబడి నాలో మెదిలిన ప్రశ్న ఇది. మీకు రాద్దామని కూర్చుంటే ముందు అదే వచ్చింది. పిల్లలు కులాసా. నేనూ వేళకు తింటున్నాను. మీ మోకాళ్ళ నొప్పి తగ్గిందని తలుస్తాను.

"మావాడు నీ షెడ్డు దగ్గర ఉండక, ఆ ఎండలో కాలవగట్టున ఒంటరిగా ఏం చేస్తున్నాడమ్మా?" అని అడిగారు. పోయిన ఉత్తరంలో ఆ మాట దాటేశాను. ఇప్పుడు చెబుతాను.

కాలేజీ వెనక షెడ్డులో నేను భూమి అయస్కాంత శక్తిని కొలుస్తాను. పరికరం మహా సున్నితం. దగ్గర్లో ఇనుము కదిలితే సూది వణుకుతుంది. ఆ వణుకు తగ్గించడమే నా పరిశోధన. షెడ్డుకున్న మేకులు పీకించి రాగివి కొట్టించాను. గొళ్ళెం ఇత్తడిది వేయించాను. అయినా పోలేదు. చివరికి, సాయంత్రం నన్ను తీసుకెళ్ళడానికి వచ్చే ఆయన సైకిలు మీద నా అనుమానం పడింది. "ఇంకాస్త అవతల పెట్టండి" అనేదాన్ని. వరండా నుంచి గేటుకు, గేటు నుంచి బందరు కాలవగట్టుకు. వణుకు మాత్రం పోలేదు.

"ఇట్లాగే జరుపుతూ పోతే, వచ్చే ఏడాదికి ఉయ్యూరులో మా అమ్మ గుమ్మంలో నిలబెడతావే మార్తా!" అని నవ్వేవారు.

ఏప్రిల్లో ఆ సాయంత్రం గట్టు మీద ఆయన గుండె ఆగితే, షెడ్డులో ఉన్న నాకు వినపడలేదు. చేపలు పట్టేవాళ్ళు చూసి కేకేసేసరికే అయిపోయింది.

పోయినవారం మళ్ళీ షెడ్డు తెరిచాను. సూది కదలకుండా ఉంది. పరికరం చెడిందేమోనని, బయట ఉంచే తాళంచెవి దగ్గరికి తెచ్చాను. కదిలింది. చెడలేదు. చాలాసేపటికి నా చెయ్యి బోసి మెడ మీదికి పోయింది. మర్నాడు, సమాధి రోజున తీసిన సూత్రాల గొలుసు ఇంటి నుంచి తెచ్చి, గుండెకు ఆనించుకుని, ఎప్పటిలా సూది మీదికి వంగాను.

వణికింది. బంగారం కాదత్తయ్యా, దానికి తగిలించుకున్న పిన్నీసులు. నేను ఊపిరి తీసినప్పుడల్లా అవి కదిలేవి. చొక్కా గుండీ ఊడితే ఆయన "నీ మెడలో కొట్టు తెరువు" అని అడిగి పుచ్చుకునేవారు. ఆయన కోసమే ఉంచేదాన్ని.

సైకిలుది తప్పు కాదు. ఆయన్ను ఊరికే అంత దూరం పంపాను. "పక్కనున్నా మీరేం చెయ్యలేకపోయేవారమ్మా" అన్నారు డాక్టరుగారు. ఒక్కో పూట నమ్ముతాను.

"మన సంఘంలో నిన్నెవరూ ఏమీ అనరు, గొలుసు వేసుకో" అని రాశారు. పిన్నీసులు తీసేసి వేసుకోవచ్చు. వాటితోనే వేసుకోవచ్చు. ఇదంతా తెలిశాక మీరు ఆ మాట మళ్ళీ అంటారో లేదో. మీరు అన్నా సరే, వేసుకోవాలో వద్దో నాకింకా తేలడం లేదు.

ఇట్లు,
మీ కోడలు
మార్త