బాపు పెరట్లో పిట్టలు

హుజూరాబాద్,
మే 12

బంగారు బిడ్డ నవ్యకు,

చేతిలో ఫోన్ పెట్టుకుని బాపు ఉత్తరం రాస్తున్నాడేమిటని అనుకుంటావు. కారణం ఉంది. ముందు పెరడు ముచ్చట చెప్తాను, అది చెప్పడం నాకు తేలిక.

నేను రిటైరై, కంపెనీ క్వార్టర్ ఖాళీ చేసి ఇక్కడ ఇల్లు కట్టుకున్నప్పుడు పెరట్లో పరిపించిన పచ్చగడ్డి నీకు గుర్తుండే ఉంటుంది. రెండు పూటలా నీళ్లు తాగేది. నిరుడు ఎండాకాలం చుట్టుపక్కల బోర్లు వట్టిపోయి వాడకట్టంతా ట్యాంకర్ కోసం బిందెలతో నిలబడితే, నేను మన బోరులో మిగిలిన నీళ్లతో గడ్డికి పైపు పట్టుకుని నిలబడ్డాను. నాకే సిగ్గేసింది. ఆ వారంలోనే గడ్డి మొత్తం పెరికేశాను. ముప్పై ఒక్క ఏళ్లు బొగ్గుబాయిలో పనిచేసినవాడికి గుంత తవ్వడం ఒక పనా? స్లాబు మీది వాననీళ్లు భూమిలోకి దిగేటట్టు నడుంలోతు తవ్వి, కంకర, ఇసుక నింపి, పైన జానెడు పల్లం వదిలాను. మొక్కల మధ్య మట్టికుండలు మెడదాకా పాతాను. వారానికి రెండుసార్లు నింపితే ఆ తడి మెల్లగా వేళ్లకు అందుతుంది. రాలిన ఆకులు కాల్చడం మానేసి మొక్కల మొదట్లోనే పరుస్తున్నాను.

మొక్కలు కూడా కొన్నవి కావు. పొలాల గట్ల మీద తంగేడు, తుమ్మి, గునుగు, సీతాఫలం గింజలు ఏరుకొచ్చి చల్లాను. వావిలి కొమ్మలు విరిచి తెచ్చి పాతాను. ఈ నేలలో పుట్టినవి, మొండివి, ఎవరూ బతిమాలనక్కరలేదు. ఇల్లు కట్టుకున్నామా, అడవి పెట్టుకున్నామా అని నన్ను కట్టుకున్న పాపానికి మీ అవ్వ మూడు నెలలు గొణిగింది. బతుకమ్మకు వాడకట్టు ఆడవాళ్లంతా మన గునుగు కోసం గేటు ముందు వరుస కట్టేసరికి ఆ గొణుగుడు ఆగిపోయింది. మిగిలిన గునుగు గింజలకు జీనువాయి పిట్టలు గుంపుగా వస్తాయి. గోడ పక్క రాళ్లకుప్పలో రెండు తొండలు కాపురం పెట్టాయి. వెడల్పాటి మట్టి అటికెలో నీళ్లు పోసి పెడితే పికిలిపిట్ట వచ్చి మునిగి లేస్తుంది. స్నానం చేసి, ఈకలు దులిపి, పెళ్లికొచ్చిన పెద్ద చుట్టంలాగా అటూ ఇటూ చూసి పోతుంది. నిమ్మమొక్క ఆకులన్నీ పురుగులు తింటే మందు కొట్టమని మీ అవ్వ పోరు పెట్టింది. నేను కొట్టలేదు. పదిహేను రోజులకు అవే నల్లచారల సీతాకోకచిలుకలై లేచాయి.

ఇవన్నీ నేను కళ్లతో చూసినవి, నవ్యా. వాటి అరుపు ఒక్కటీ నేను వినలేదు. నాకు చెవులు వినబడడం లేదు. బాయిలో మందు పేల్చే పని చేసినన్నాళ్లూ రాత్రింబవళ్లు చెవుల్లో ఉన్న హోరు, రిటైరయ్యాక తగ్గుతుందనుకున్నాను. హోరు ఉండిపోయింది, మిగతావన్నీ తగ్గిపోయాయి.

ఏప్రిల్‌లో అవ్వ కాలు బెణికిందని మాత్రమే నీకు చెప్పాం. పూర్తిగా చెప్పలేదు. ఆ ఉదయం నేను నిమ్మమొక్క దగ్గర పురుగును చూస్తూ కూర్చున్నాను. నా వెనక పది అడుగుల దూరంలో, గుంత అంచున ఆమె జారిపడింది. అరిచింది. నేను తిరగలేదు. పక్కింటి శంకరవ్వ గోడ చుట్టూ ఉరికొచ్చి ఆమెను లేపి కూర్చోబెట్టేదాకా నాకు తెలియనే తెలియదు. సాయంత్రం శంకరవ్వ పెనిమిటి హనుమండ్లు వచ్చాడు. అతను నలభై ఏళ్లు మరమగ్గాల మీద పనిచేసినవాడు, ఎప్పుడూ గట్టిగానే మాట్లాడతాడు, అందుకే నాకు వినబడతాడు.

"నా చెవులు మగ్గాలు మింగినయి దశరథం," అన్నాడు. "నీయి గూడ బాయి మింగిందా?"

లేదన్నాను. మీ అవ్వకు కూడా చెప్పలేదు. పురుగుల ధ్యాసలో పడి పట్టించుకోలేదని ఆమె కోపంగా ఉంది, చెవిటివాడని జాలిపడే కంటే ఆ కోపమే నయమనిపించింది. ఫోన్‌లో నువ్వు ఏమన్నా నాకు గాలి ఊదినట్టే ఉంటుంది. అవును, మంచిది అంటూ నెట్టుకొచ్చాను. నాలుగు నెలలుగా నువ్వు బాపుకు ఫోన్ ఇయ్యమని అడగడం లేదట. నిజం చెప్తున్నా, నాకు ఊరటగానే ఉండింది. ఇప్పుడు ఆ ఊరటకే తల ఎత్తలేకపోతున్నాను.

మీ బాపు,
దశరథం


భైంసా,
మే 19

బాపూ,

నీ ఉత్తరం ఆసుపత్రి డ్యూటీ గదిలో చదివాను. పికిలిపిట్ట దగ్గర నవ్వితే తోటి సిస్టర్లు ఏమిటని అడిగారు. ఆ తర్వాత కాగితం మడిచి జేబులో పెట్టుకుని, మిగతాది ఇంటికొచ్చి చదివాను.

నేను నీతో ఎందుకు మాట్లాడడం లేదో నీకు తెలియదని ఇప్పుడు నాకు అర్థమైంది. జనవరిలో ఒక ఆదివారం, అవ్వకంటే ముందు నీకే చెప్పాలని ఫోన్ చేశాను. రెండేళ్లు చదివి రాసిన పర్మనెంటు నర్సు ఉద్యోగం ఒక్క మార్కుతో పోయిందని చెప్పాను. నువ్వు నవ్వావు. "మంచిగైంది బిడ్డా, ఇగ ఫికర్ లేదు," అన్నావు. నన్ను అంత దూరం పంపడం నీకు మొదటినుంచీ ఇష్టం లేదు కదా, ఇక తిరిగొస్తానని సంతోషపడుతున్నావనుకున్నాను. మీ నాన్న ఏమన్నాడని అవ్వ తర్వాత అడిగితే, ఏమీ అనలేదన్నాను.

నేను నర్సును బాపూ. వార్డులో ఎవరైనా ముసలాయన నా పెదవులు చూస్తూ తల ఊపితే, ఆయనకు వినబడడం లేదని క్షణంలో కనిపెడతాను. దగ్గరికి వంగి మళ్లీ చెప్తాను. నీకు మాత్రం ఒక్కసారి కూడా మళ్లీ చెప్పలేదు. నాలుగు నెలలు కోపాన్ని భద్రంగా దాచుకున్నాను.

సెలవు పెట్టాను. వచ్చే శుక్రవారం వస్తాను, శనివారం కరీంనగర్‌లో చెవుల డాక్టర్‌కు చూపిద్దాం. అవ్వకు నేను చెప్పను. నేను వచ్చేలోపు నువ్వే చెప్పాలి. తిడుతుందని భయపడకు, ఎట్లాగూ నీకు వినబడదు.

నీ మీద కోపం పోయిన,
నవ్య


హుజూరాబాద్,
జూన్ 11

బిడ్డా నవ్యా,

నువ్వు ఉన్న మూడు రోజులూ మీ అవ్వ నీ ముందు నన్ను ఏమీ చెప్పనివ్వలేదు. అందుకే ఇవి రాస్తున్నాను.

నువ్వు చెప్పినట్టే, నువ్వు రాకముందే గురువారం పొద్దున ఆమెకు చెప్పేశాను. చాయ్ గ్లాసు కింద పెట్టి, ఆ రోజు నీ పిలుపు నాకు వినబడలేదు స్వరూపా, నన్ను మన్నించు అన్నాను. ఆమె నా ఎదురుగా జరిగి, నా మొహంలో మొహం పెట్టి, ఒక్కో మాటా విడదీసి చెప్పింది.

"నిన్నెవరు పిలిచిండ్రు? నీకు వినబడదని ఏడాది సంది ఎర్కనే. నేను శంకరవ్వను పిలిచిన."

మరి నెల రోజులు ముఖం ముడుచుకున్నావెందుకని అడిగాను. ఏడాది నుంచి చెప్పనందుకు అంది. నువ్వే చెప్తావని చూశానంది. పది అడుగుల దూరం అని నేను కుమిలిపోయిన ఆ ఉదయం, ఆమె నా వైపు చూడను కూడా చూడలేదు బిడ్డా. నాకు నవ్వు ఆగలేదు. ఆమె కూడా నవ్వింది, ఆ తర్వాత నిజంగానే తిట్టింది.

ఇక నీ సంగతి. బస్టాండులో చెప్పాలనుకున్నాను, నోరు రాలేదు. మందు పేల్చే పనికి కూడా ఒక పరీక్ష ఉంటుంది. నేను అది రెండుసార్లు తప్పాను. మొదటిసారి తప్పినప్పుడు మా బాపుకు చెప్పలేక రెండు రోజులు ఇంటికే పోలేదు. నువ్వు తప్పిన రోజే నాకు ఫోన్ చేశావు. ఆ పిలుపు విలువ నాకు ఇప్పుడు తెలిసింది. మళ్లీ రాయాలనిపిస్తే రాయి, వద్దనిపిస్తే మానెయ్యి. నువ్వు భైంసాలో ఉండడం నాకు ఇష్టం లేదని మాత్రం అనుకోవద్దు. మా బిడ్డ నర్సు అని హనుమండ్లుకు ఎన్నిసార్లు చెప్పానో, అతను ఎన్నిసార్లు విన్నాడో నాకు తెలియదు.

కరీంనగర్ డాక్టర్ ఇచ్చిన చెవి మిషన్‌కు అలవాటు పడుతున్నాను. మొదటి రోజు మీ అవ్వ ఉల్లిగడ్డ కోస్తుంటే ఎవరో తలుపు కొడుతున్నారని లేచిపోయాను. నిన్న మధ్యాహ్నం మృగశిర వాన గట్టిగా కొట్టింది. స్లాబు నీళ్లన్నీ పైపులో దిగి, గుంత మీది పల్లం నిండి, ఒక్క చుక్క కూడా వీధిలోకి పోలేదు. ఆ గర్వంతోనే వాన వెలిశాక కుర్చీ వేసుకుని కూర్చున్నాను. అంతలో ఎక్కడినుంచి వచ్చాయో, బోదురుకప్పలు మొదలుపెట్టాయి. ఒకటి కాదు, పది కాదు. బాయిలో కూడా అంత మోత వినలేదు. తట్టుకోలేక మిషన్ తీసి జేబులో వేసుకున్నాను.

మీ అవ్వ వచ్చి, జేబులోంచి దాన్ని తీసి, నా చెవికి తనే పెట్టింది. పక్కన పీట వేసుకుని కూర్చుంది.

"ఇన్ని దినాలు నేనొక్కదాన్నే విన్న. నువ్వు గూడ జర విను," అంది.

చీకటి పడేదాకా ఇద్దరం విన్నాం.

ప్రేమతో,
మీ బాపు దశరథం