మక్కలు ఎత్తేశాను సారూ

ట్రాఫిక్ ఎస్సై సారుకు, కోరుట్లలో అంగన్‌వాడీకి ఎదురింట్లో ఉండే ముసలమ్మ దండం పెట్టి రాసుకునేది.

రోడ్డు మీద మక్కజొన్న గింజలు ఎండబోస్తే కేసు పెడతామని నిన్న మీ కానిస్టేబుల్ చెప్పి పోయాడు. నాది తప్పే సారూ. ఆ మక్కలు ఎండి ఎన్నో రోజులైంది. అయినా పొద్దున పోసి మాపటికి ఎత్తుకుంటున్నాను, బండ్లు మెల్లగా పోతాయని. కోడలు లావణ్య కూలికి పోతుంది. మనుమరాలిని చేయి పట్టి అంగన్‌వాడీకి దాటించేది నేనే. ఈ మోకాళ్లతో ఉరకలేను. నడిరోడ్డు మీదికి పోయేసరికి ఏదో ఒక బండి మీదికే వస్తుంది.

మీరు ఆగుమని ఎర్రబోర్డు పెట్టించారు. సంతోషమే, కానీ ఎవరూ ఆగరు. మా వాడకట్టు సురేందర్‌ను అడిగితే నవ్వాడు. "బోర్డేం జేస్తదే అవ్వా? నీ మక్కల మీదికెక్కితే జారి పడ్తమని మెల్లగ పోతున్నం" అన్నాడు. అప్పటి నుంచి ఇంకో రంది పట్టుకుంది, ఎవరి కొడుకు జారి పడతాడోనని. చెదిరిన గింజలు ఊడ్చేందుకు చీపురు పట్టుకుని రోజంతా అక్కడే కూర్చున్నాను. నడుము పడిపోయింది.

నాకు కేసులు వద్దు సారూ. అక్కడ ఒక స్పీడ్ బ్రేకర్ పోయించండి. అందాక పిల్లలు పోయే వేళకు, వచ్చే వేళకు ఒక మనిషిని నిలబెట్టండి.

మీ మాట మీద నిన్ననే మక్కలు ఎత్తేశాను. ఇవాళ పిల్లను పంపలేదు. సంచి భుజానికి వేసుకుని పొద్దటి నుంచి గడపలోనే కూర్చుంది.